ఎవరికి ఏది దక్కిందని

కోయింబ్రా, పోర్చుగల్
4 అక్టోబరు 1983

అత్తయ్యకి,

క్షేమంగా చేరాను. నువ్వు సంచిలో కుక్కిన బ్రౌన్ బ్రెడ్డు ఇక్కడికొచ్చేసరికి ఇటుకైంది. అయినా కాఫీలో ముంచుకుని ఆఖరి ముక్కదాకా తిన్నాను. గది బావుంది. కిటికీ తీస్తే కింద నది, ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు. ఇక్కడ వారంలో సగం రోజులు ఎండు చేప పెడతారు. మిగతా సగం నిన్నటి ఎండు చేప.

సాయంత్రం బడిలో నాకు పెద్దవాళ్ళ క్లాసు ఇచ్చారు. అందులో దొనా ఎర్మెలిందా అని ఒకావిడ ఉంది. నీ ఈడే. భర్త మందుల కొట్టు నడిపేవాడట, పోయాడు. ఇప్పుడు మేడ మీద గదులు ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తుంది. వాళ్ళతో వాళ్ళ భాషలోనే పోట్లాడాలని ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఇంత పట్టుదలగా చదివే మనిషిని నేను చూడలేదు.

నిన్న పాఠంలో 'బిగ్రడ్జ్' అనే మాట తగిలింది. డిక్షనరీ చూసి, అసూయపడటం అని చెప్పి ముందుకెళ్ళబోయాను. ఆవిడ వెళ్ళనివ్వలేదు.

"అసూయకి మీకు వేరే మాట ఉందిగా టీచరమ్మా, మొన్ననే చెప్పావు. మళ్ళీ ఇదెందుకు? మాటలు రెండున్నాయంటే పాపాలు రెండుండాలి" అంది.

క్లాసంతా నన్నే చూసింది. వచ్చే వారం చెబుతానని తప్పించుకున్నాను. పుట్టినప్పట్నుంచీ విన్న మాటే అత్తయ్యా. మన ఊళ్ళో పాలకేంద్రం దగ్గరా, చర్చి మెట్ల మీదా అది వినబడని రోజుండదు. కానీ అర్థం చెప్పమంటే నోరు పెగల్లేదు. నువ్వయితే చెప్పగలవు. కాస్త వివరంగా రాయి. ఎదురింటి ఫిల్ అత్తని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
ఊనా


కిల్‌డొరన్
13 అక్టోబరు

ఊనా తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి చేతికి పిండి ఉంది, పోస్టుమానే చించి ఇచ్చాడు. సగం చదివి ఇచ్చాడని నా అనుమానం. ఎండు చేపల సంగతి అప్పుడే ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ పెద్దావిడ చెప్పింది నిజం. పాపాలు రెండే. మొన్న టామ్ ఫీలీ కొత్త ట్రాక్టరు కొన్నాడు. దాన్ని చూసి అసూయపడేవాడు, అలాంటిది నాకూ ఉంటే బావుండుననుకుంటాడు. మన జిమ్మీ కాన్‌బోయ్ ఉన్నాడా, వాడికి ట్రాక్టరు అక్కర్లేదు. దున్నడానికి పొలమే లేదు. అయినా రోజూ పొద్దున్నే గోడ దగ్గర చేరి, అది స్టార్టవకుండా ఉంటే బావుండునని చూస్తాడు. బిగ్రడ్జ్ చెయ్యడమంటే అదీ. తనకి కావాలని కాదు, ఎదుటివాడికి ఉండకూడదని.

ఇంకో వాడుక కూడా ఉంది. ఇవ్వక తప్పక, మనసొప్పకుండా ఇవ్వడం. ఫాదర్ దగ్గర వంట చేసే కొన్సెప్టా మనకి హామ్ ముక్క వేస్తుంది చూడు. అది పైకెత్తి పట్టుకుంటే అందులోంచి అవతలి గోడ మీది క్యాలెండరు చదువుకోవచ్చు. హామ్ పెట్టలేదని ఎవరూ అనలేరు. కానీ ప్రతి ముక్కకీ ఆవిడ ప్రాణం పోతున్నట్టుంటుంది.

డిక్షనరీలో లేనిది ఒకటి చెబుతాను. ఈ మాటని ఉన్నదున్నట్టు ఎవరూ వాడరు. వెనకాల 'లేదు' తగిలించే వాడతారు. "టామ్‌కి ట్రాక్టరొచ్చిందని నేనేం బిగ్రడ్జ్ చెయ్యట్లేదు" అని జిమ్మీ కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంటాడు. అడక్కుండానే చెప్పాడంటే లోపల మంట బాగా రాజుకున్నట్టు.

ఊరి కబురు ఒకటుంది. ఫిలోమినా పెళ్ళి చేసుకుంటోంది. అవును, మన ఎదురింటి ఫిలోమినాయే. అరవయ్యో ఏట. వరుడు ఫింటన్ గిల్హూలీ, బల్లినాలో ఉంటాడు, బస్సు నడిపి రిటైరయ్యాడు, భార్య పోయి నాలుగేళ్ళయింది. క్రిస్మస్ వెళ్ళాక పెళ్ళి, తర్వాత ఆమె బల్లినా వెళ్ళిపోతుంది. నీ వయసులో ఉన్నప్పుడు ఒక వేసవంతా నేను ఇతనితోనే డాన్సులకి వెళ్ళేదాన్నని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. అది ఎప్పటి మాటో. ఆమెకి మంచి జరిగింది. నేనేం బిగ్రడ్జ్ చెయ్యట్లేదు.

చలికోటు వేసుకుంటున్నావా? ఎండగా ఉందని నమ్మకు.

మీ అత్త
అట్రాక్టా


కోయింబ్రా
22 అక్టోబరు

అత్తయ్యకి,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. ట్రాక్టరుకి అందరూ నవ్వారు, హామ్‌కి ఇంకా నవ్వారు. పక్కూరి బేకరీ అతను లేచి, తన బావమరిది అచ్చం జిమ్మీలాంటివాడేనని పావుగంట చెప్పాడు.

చివరి పేరా చదవకుండా ఉండాల్సింది. అలవాటులో చదివేశాను. దొనా ఎర్మెలిందా పెన్సిలు కింద పెట్టి అడిగింది, "ఈ మాట 'లేదు'తో వస్తే లోపల ఉన్నట్టు అని మీ అత్తగారే రాశారు కదా?"

"రాసింది."

"అడక్కుండా చెబితే మంట ఇంకా ఎక్కువని కూడా?"

"రాసింది."

"ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు అత్తయ్యా. అందుకే ఇప్పుడు నేను అడుగుతున్నాను. నీకు బాధగా ఉందా? ఆ వేసవిలో నువ్వు ఆకుపచ్చ కోటు కొనుక్కున్నావని అమ్మ చెప్పేది, ఊళ్ళో అంతకుముందు ఎవరూ అంత ఖరీదైన కోటు కొనలేదని. ఆ తర్వాత ఎంతమంది అడిగినా నువ్వు పెళ్ళి చేసుకోలేదు. మనసు చెప్పుకోడానికి నీకంటూ ఎవరున్నారు? నాకు రాయి. నేనెవరికీ చెప్పను, క్లాసుక్కూడా.

ప్రేమతో,
ఊనా


కిల్‌డొరన్
31 అక్టోబరు

ఊనా,

కోటు చలికి కొన్నాను. ఆ ఏడు చలి ఎక్కువ.

నేను బాగున్నాను. అందరూ బాగున్నారు. కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గించాయి.

మన పేకాట సంగతి నీకు తెలుసు. గురువారం సాయంత్రం చర్చి హాల్లో ఇరవయ్యైదు అనే ఆట ఆడతాం, జోడీలుగా. బడి వదిలిన్నాటినుంచీ ఫిలోమినా, నేనూ జోడీ. ఆమె కనుబొమ్మ కదిపితే తురుపు ఎవరి దగ్గరుందో నాకు తెలిసిపోతుంది. కిందటి గురువారం ఆమె ఫింటన్‌ని వెంటబెట్టుకొచ్చింది. "అతనికి ఇక్కడెవరూ తెలీదు కదా అట్రాక్టా, ఒక్క వారం నాతో ఆడనీ" అంది. సరేనన్నాను. ఏమంటాను?

నాకు క్రయన్ మాస్టారిని అంటగట్టారు. ఆయనకి చెవులు వినబడవు. ఎదురుగా కూర్చున్నది తన జోడీ అని కూడా గుర్తుండదు. నేను ఆటీను ఆసు వేసి పట్టు నాదేనని చెయ్యి చాపాను. ఆయన తురుపు అయిదు, ఆటలోకెల్లా పెద్ద ముక్క, తీసి దాని మీద కొట్టి, గెలిచానని నాకేసి నవ్వాడు. అవతలి బల్ల దగ్గర ఫిలోమినా, ఫింటన్ నవ్వుకుంటున్నారు. నన్ను చూసి కాదు, వాళ్ళ ముచ్చట ఏదో. టీ ఇవ్వకముందే ఇంటికొచ్చేశాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను ఎవరికి ఏది దక్కినా బిగ్రడ్జ్ చెయ్యట్లేదు. మీ పోర్చుగల్ ఆవిణ్ణి తన అద్దె గదులు చూసుకోమను.

అట్రాక్టా


కిల్‌డొరన్
19 నవంబరు

ఊనా తల్లీ,

కిందటి ఉత్తరం కాస్త పొడిగా రాశానేమో, పట్టించుకోకు. ఆ రోజు మోకాలు నొప్పి.

కబుర్లు చాలా ఉన్నాయి. ఫిలోమినా పెళ్ళి మానేసింది. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పూజకి ఒక్కత్తే వచ్చి నా పక్కన కూర్చుంది. గురువారం నా ఎదుట కూర్చుంది. ఊనా, ఆ రోజు మా ఆట నువ్వు చూడాల్సింది. మొదటి బహుమతి పెద్ద బాతు, అది మేమే గెలిచాం. క్రయన్ మాస్టారు కొన్సెప్టాకి జోడీ పడ్డాడు. ఇద్దరూ ఒకరి పట్లు ఒకరు కొట్టుకున్నారు. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఒక్కటే అర్థం కావట్లేదు. ఫిలోమినా నన్ను మరీ సుతారంగా చూస్తోంది. రోజూ ఒక ఆపిల్ టార్ట్ పట్టుకొస్తుంది. నేను కూర్చుంటే మోకాళ్ళ మీద దుప్పటి కప్పుతుంది. నిన్న నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చాలా గట్టిదానివి అట్రాక్టా" అంది. నాకేదో రోగమొచ్చిందని డాక్టరు ఆమెకి చెప్పి నాకు చెప్పలేదేమోనని భయమేసింది. డాక్టరు దగ్గరికెళ్ళాను. రక్తపోటు తప్ప ఏం లేదట, అది టార్ట్‌ల వల్లట.

ఏమైతేనేం, రోజులు మళ్ళీ మామూలయ్యాయి. బాగా నిద్రపడుతోంది. క్రిస్మస్‌కి నీకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను.

మీ అత్త
అట్రాక్టా


కోయింబ్రా
27 నవంబరు

ప్రియమైన అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. కింద ఇంటివాళ్ళు చీపురుకర్రతో కప్పు తట్టారు.

ఇక దాచడం ఎందుకు, చెప్పేస్తాను. అది నా పనే. క్రయన్ మాస్టారి సంగతి రాసిన ఉత్తరం చూశాక ఆగలేకపోయాను. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే చూడలేక నువ్వు టీ తాగకుండా వెళ్ళిపోయావు. నువ్వు ప్రాణం పోయినా నోరు తెరిచి చెప్పవు. అందుకని ఫిల్ అత్తకి నేనే రాశాను. నువ్వు ఫింటన్‌ని ఇన్నేళ్ళుగా మరిచిపోలేదనీ, ఆ వేసవి తర్వాత ఎవర్నీ చేసుకోనిది అందుకేననీ, ఆమె సంతోషం చూసి సంతోషిస్తున్నట్టు నటిస్తున్నావనీ. కొంచెం నెమ్మదిగా, నీ మనసు చూసుకుంటూ మసులుకోమని మాత్రమే అడిగాను. ఆమె ఏకంగా పెళ్ళే మానేస్తుందని అనుకోలేదు. ఎంత గొప్ప మనిషి!

ఇప్పుడు ఫింటన్‌కి అడ్డు లేదు, నీకూ లేదు. ఒక్కసారి బల్లినా వెళ్ళి పలకరించి రాకూడదూ? ఆ ఆకుపచ్చ కోటు ఇంకా ఉందా? దొనా ఎర్మెలిందా ఇవాళ క్లాసుకి తీపి వైను సీసా తెచ్చి అందరికీ పోసింది. పెళ్ళి ఎప్పుడని అడగమంటోంది.

నీ
ఊనా


కిల్‌డొరన్
8 డిసెంబరు

ఊనా,

ఇది చదివేముందు కూర్చో. వైను ఉంటే అవతల పెట్టు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి ముందు కూర్చుని రెండుసార్లు చదివాను. తర్వాత కిటికీలోంచి చూశాను. వాన పడుతోంది. ఎదురింట్లో ఫిలోమినా బట్టలు ఆరేస్తోంది, ఆ వానలో. ఆరేశాక తాడుకేసి కాసేపు చూసి, బట్టలన్నీ మళ్ళీ తీసి బుట్టలో వేసుకుని లోపలికెళ్ళింది. మనిషి ధ్యాస అక్కడ లేదు. నిజానికి గురువారం ఆటలోనే చూశాను. ఎవరి చేతిలోనూ ఏమీ లేనప్పుడు తురుపు అయిదు దింపింది. గెలిచాం కదా అని నేను ఊరుకున్నాను.

నీకు అబద్ధం చెప్పను. ఉత్తరం పొయ్యిలో పడేసి నోరు మూసుకుందామా అన్న ఆలోచన వచ్చింది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. టార్ట్‌లు తింటూ, దుప్పటి కప్పించుకుంటూ కూర్చుంటే చాలు. ఫిలోమినా ఎదురింట్లోనే ఉంటుంది, గురువారాలు నావే. కోరుకున్నది కోరుకున్నట్టు నా ఒళ్ళో పడింది, నీ పుణ్యమా అని.

నువ్వు తెలుసుకోవాల్సింది ఇదీ. ఫింటన్ నాకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. డాన్సు బాగా చేసేవాడు, అంతే. పెళ్ళి నాకు కుదరక కాదు, అడిగినవాళ్ళలో ఒక్కడితోనూ రెండో పూట కబుర్లకి ఏమీ మిగిలేది కాదు. ఫిలోమినాతో నలభై ఏళ్ళు మాట్లాడినా ఇంకా మిగిలింది. నువ్వు ఆ మాటకి అర్థం బాగానే నేర్చుకున్నావు, కానీ దాని ముందు రెండు మాటలుంటాయన్నది చూసుకోలేదు. ఎవరికి, ఏది. ఫిలోమినాకి ఫింటన్ దక్కాడని కాదే పిచ్చిదానా నా ఏడుపు. ఫింటన్‌కి ఫిలోమినా దక్కిందని.

మర్నాడు బస్సెక్కి బల్లినా వెళ్ళాను. ఫింటన్ వంటింటికి పసుపు రంగు వేస్తున్నాడు. ఆ రంగంటే ఫిలోమినాకి ఇష్టం.

"వద్దందిగా, ఇంకా ఎందుకు వేస్తున్నావు?" అన్నాను.

"సగం గోడ వదిలేస్తే చూడ్డానికి బావుండదు" అన్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"కారణం చెప్పిందా?"

"నీ తప్పేం లేదు ఫింటన్ అంది. మరేంటి అంటే ఏడ్చింది. ఇంకేం అడుగుతాను?"

"కారణం నేను. నేను నీకోసం ఇన్నేళ్ళూ కుమిలిపోతున్నానని ఎవరో ఆమెకి చెప్పారు."

బ్రష్షు డబ్బాలో పడేసి, తనకీ తలుపుకీ మధ్య ఎంత దూరముందో చూసుకున్నాడు. "కుమిలిపోతున్నావా?" అన్నాడు మెల్లగా.

"లేదు."

"అమ్మయ్య" అన్నాడు. తర్వాత మర్యాద గుర్తొచ్చి ఎర్రబడ్డాడు. "నా ఉద్దేశం అది కాదు అట్రాక్టా."

"నీ ఉద్దేశం అదే, నాకేం కోపం లేదు. కానీ ఒక మాట విను. నిన్ను చూస్తే నాకు కడుపుమంట. నువ్వు కావాలని కాదు. ఆమెని తీసుకుపోతున్నావని."

కోప్పడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రంగు అంటిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "నిన్ను చూస్తే నాకూ అంతే, ముప్పై ఏడేళ్ళనుంచీ" అన్నాడు.

"నన్ను చూస్తేనా? ఎందుకు?"

"ఆ వేసవంతా నీతో డాన్సులకి ఎందుకొచ్చాననుకున్నావు? నువ్వెక్కడుంటే తనక్కడుండేది. తనని ఒక్కసారి ఒంటరిగా పట్టుకుని అడుగుదామంటే నువ్వు పక్కన లేని నిమిషమే లేదు. తను టీ తేవడానికెళ్తే నువ్వూ వెళ్ళేదానివి. చివరికి నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది, మార్గరెట్‌ని చేసుకున్నాను. ఆమె మంచి మనిషి, ఆమె మీద ఒక్క మాట అనను. కానీ కిల్‌డొరన్ మీదుగా బస్సు నడిపినప్పుడల్లా మీరిద్దరూ గోడ దగ్గర నిలబడి కబుర్లాడుతుండేవాళ్ళు. అంతంత సేపు ఏం మాట్లాడుకుంటారా అని ఏడ్చుకుంటూ పోయేవాణ్ణి."

నాకు నవ్వాగలేదు. కొంచెం పౌరుషం కూడా వచ్చింది, వేసవంతా నాతో డాన్సు చేసింది నాకోసం కాదంటే ఎవరికైనా వస్తుంది. అయినా నవ్వే గెలిచింది. అతనూ నవ్వాడు. టీ పెట్టాడు. టీ బావుంది, అది ఒప్పుకోవాలి.

తన కారులోనే నన్ను తీసుకొచ్చాడు. వీధి మలుపులో ఆగి, ముందు నువ్వెళ్ళు అన్నాడు. ఫిలోమినా కోళ్ళకి గింజలు వేస్తోంది.

"ఫింటన్‌ని చేసుకో" అన్నాను.

"అట్రాక్టా, వద్దు. నాకు నీకంటే అతను ఎక్కువ కాదు."

"అలా అనకు, నిజమనుకుంటాను. నాకోసం నువ్వేం వదులుకోనక్కర్లేదు. ఆ టార్ట్‌లు కూడా ఇంక నావల్ల కాదు. అతనంటే నాకేమీ లేదు."

"ఊనా రాసిందిగా."

"ఊనా ఇంగ్లీషు టీచరు. ఇంగ్లీషు రాదు."

నమ్మలేదు. "నువ్వు నన్ను ఓదార్చడానికి అంటున్నావు. మరి క్రయన్ మాస్టారితో ఆడిన రోజు ఎందుకు వెళ్ళిపోయావు?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. గింజల పళ్ళెం చూస్తూ చెప్పాను, ఆమె మొహం చూస్తూ కాదు. "నువ్వు వెళ్ళిపోతున్నావని. అంతే."

ఆమె పళ్ళెం కోళ్ళ ముందే వదిలేసింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? అరవయ్యేళ్ళదాన్ని, ఎదురింటామె వెళ్ళిపోతుంటే ఏడుపొస్తోందనా?"

"అలాగే చెప్పాల్సింది. నేనూ అదే తల్చుకుని రాత్రుళ్ళు ఏడుస్తున్నాను. నువ్వు ఒక్క మాటైనా అనవేం, నీకేం అనిపించట్లేదేమోనని నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేం బిగ్రడ్జ్ చెయ్యట్లేదు, నేనేం బిగ్రడ్జ్ చెయ్యట్లేదు అని ఊరంతా చెప్పుకు తిరిగావు. నేను పోతే నీకు బాధైనా లేదా అనుకున్నాను."

చూశావా. నువ్వొక రకంగా అర్థం చేసుకున్నావు, ఆమె ఇంకో రకంగా, రెండూ తప్పే. బకెట్టు ఒక్కటే ఉంది కాబట్టి నేను గడప మీద కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం, కొంచెమే. చలికి తట్టుకోలేక ఫింటన్ మలుపులోంచి హారన్ కొట్టాడు.

పెళ్ళి జనవరిలో. ఇంతకుమించి నిన్ను తిట్టే ఓపిక లేదు. మేజోళ్ళు మాత్రం పంపాను.

అట్రాక్టా


కోయింబ్రా
17 డిసెంబరు

అత్తయ్యకి,

కూర్చునే చదివాను. వైను అవతల పెట్టాను.

క్షమించమని అడగడానికి మొహం చెల్లట్లేదు. నేను చేసిందేమిటో ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి. నువ్వు ఆ ఉత్తరం పొయ్యిలో పడేసుంటే ముగ్గురి బతుకులూ నా వల్ల ఆగిపోయేవి, నేనేమో ఇక్కడ వైను తాగుతూ కూర్చునేదాన్ని. ఫిల్ అత్తకి విడిగా రాశాను. ఈసారి ఏం రాశానో ముందే చెబుతున్నాను: తప్పంతా నాదని, పెళ్ళికి వస్తానని. సెలవు అడిగాను, ఇచ్చారు.

క్లాసులో దాచకుండా చెప్పాను. దొనా ఎర్మెలిందా పుస్తకం మూసేసింది. "తప్పు నాది కూడా. నేను వ్యాకరణం చూశాను, మనిషిని చూడలేదు" అంది. తర్వాత ఎవరూ అడక్కుండానే లేచి, పై గదిలో ఉండే ఇంగ్లండు జంట గురించి చెప్పింది. వాళ్ళు పొద్దున్నే కిటికీ దగ్గర పాటలు పాడుకుంటారట. ఆమెకి ఒళ్ళు మండేదట. తన భర్త పోయాక ఆ ఇంట్లో ఎవరూ పాడలేదట. పోట్లాడటానికని నేర్చుకున్న ఇంగ్లీషుతో నిన్న వాళ్ళని భోజనానికి పిలిచిందట. ఎండు చేప పెట్టింది.

పెళ్ళికి ఏం తేను?

నీ
ఊనా


కిల్‌డొరన్
4 ఫిబ్రవరి 1984

ఊనా తల్లీ,

నువ్వు మళ్ళీ ఎండలో పడ్డావు, మేము ఇంకా వానలోనే ఉన్నాం. పెళ్ళిలో నువ్వు చేసిన డాన్సు గురించి క్రయన్ మాస్టారు ఇంకా చెబుతూనే ఉన్నాడు, నువ్వు ఎవరో మాత్రం ఆయనకి తెలీదు. నువ్వు తెచ్చిన తీపి వైను కొన్సెప్టా తాళం వేసి దాచింది. ఈస్టర్‌కి అందరికీ మందు తాగించే చెంచాతో పోస్తుందేమో.

నువ్వు వెళ్ళాక జరిగింది రాస్తాను. ఎదురింటికి తాళం. పొద్దున లేవగానే అలవాటుగా ఆ పొగగొట్టం కేసి చూస్తాను, పొగ ఉండదు. ఇది తేలిగ్గా ఉందని రాస్తే నువ్వు మళ్ళీ ఎవరికో ఉత్తరం రాస్తావు, అందుకని రాయట్లేదు. కష్టంగానే ఉంది. మొదటి గురువారం ఫింటన్ ఆమెని కారులో తీసుకొచ్చాడు. ఆమె నా ఎదుట కూర్చుంది, అతను క్రయన్ మాస్టారికి జోడీ కూర్చుని చిత్తుగా ఓడిపోయాడు. ఒక్క మాట అనలేదు.

మొన్న గురువారం కారు వచ్చింది, ఫింటన్ ఒక్కడే దిగాడు. ఫిలోమినాకి జలుబు, రొమ్ము పట్టేసింది. "నువ్వు మాస్టారి పాల పడకూడదని నన్ను తోలింది" అన్నాడు. కారెక్కాను. అతను బండి స్టార్టు చెయ్యలేదు. చేతులు చక్రం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"చలికాలంలో ఆమెకి దగ్గు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అన్నాడు. "మార్గరెట్‌కీ దగ్గుతోనే మొదలైంది. నేను పట్టించుకోలేదు."

అప్పుడు చెప్పాను. ప్రతి ఫిబ్రవరిలో వస్తుంది, పది రోజులుంటుంది, పోతుంది. డాక్టరు చూశాడు, ఊపిరితిత్తులు గట్టివే. వీపుకి బాతు కొవ్వు రాయాలి, వద్దంటుంది, వినకూడదు. టీలో తేనె వేస్తే తాగదు, చెప్పకుండా వేస్తే తాగుతుంది. ఒంట్లో బాలేనప్పుడు పలకరిస్తే విసుక్కుంటుంది, పలకరించకపోతే ఏడుస్తుంది. అందుకని గదిలో కూర్చుని పేపరు పైకి చదువు, చావు కబుర్లు ముందు చదువు, అవంటే ఇష్టం. వాళ్ళ అమ్మ పోయిన తేదీ ఈ నెలలోనే, ఆ రోజు నోరెత్తకు. అలా ఒకటి తర్వాత ఒకటి గుర్తొస్తూనే ఉన్నాయి. నాకు తెలిసినవన్నీ ఇచ్చేశాను. మధ్యలో ఒకచోట, ఇది నాకు ఒక్కదానికే తెలిసినది, దాచుకోనా అనిపించింది. అదీ చెప్పేశాను. అదేమిటో నీకు చెప్పను.

అతను వింటూ, చివరికి జేబులోంచి చేతిగుడ్డ తీశాడు. కళ్ళకి కాదు, అద్దానికి. మా ఊపిరికి అద్దాలన్నీ మసకేశాయి.

హాలుకి ఆలస్యంగా వెళ్ళాం. అన్ని బల్లల దగ్గరా తలలు తిరిగాయి. జిమ్మీ కాన్‌బోయ్ అరగంటసేపు మా గేటు ముందు ఆగిన కారుని గోడ పక్కనుంచి చూసి, ముందే వచ్చి చెప్పేశాడట. పెళ్ళయి నెల తిరక్కుండా అట్రాక్టా స్నేహితురాలి మొగుణ్ణి ఎగరేసుకుపోయిందని ఇప్పుడు ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఫిలోమినాకి ఫోన్లో చెబితే దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది, చివరికి ఫింటన్ ఫోను లాక్కున్నాడు.

ఆట సంగతి అడుగుతావు. ఫింటన్ బాగా ఆడతాడు. ఇన్నాళ్ళూ మాస్టారి మొహం చూసి తగ్గి ఆడాడట. నేను ఆసు వేస్తే దాని మీద కొట్టకుండా చెయ్యి ఆపాడు. రెండో బహుమతి వచ్చింది, ఒక డజను నారింజలు. మెట్ల మీద నిలబడి సగం సగం పంచుకోబోతే, "అన్నీ ఆమెకే పట్టుకెళ్ళు, దగ్గుకి మంచిది" అని నేనే సంచిలో వేసి ఇచ్చాను.

ఆదివారం బస్సుకి బల్లినా వెళ్తున్నాను, దగ్గు ఎలా ఉందో చూడాలి. పసుపు గోడలు ఎంత బావున్నాయో కూడా చూడాలి, ఆమె మరీ చెబుతోంది.

మీ అత్త
అట్రాక్టా